కడపటి విస్తరి

ఆరోగ్యముగా భుజించుట యెట్లు అను ప్రశ్నకు సమాధానము చెప్పువారు నేడు కొల్లలుగా నున్నారు. ఏ ధాన్యము మేలు, ఏ నూనె కీడు, రాత్రి భోజనము ఎన్ని గంటలకు ముగింపవలయును, పండు అన్నమునకు ముందా వెనుకనా అని పత్రికలును, వైద్యులును, ఇరుగుపొరుగువారును చెప్పుచునే యున్నారు. ఇవి యన్నియు తెలిసికొనదగినవే. వీనిని కాదనుటకు మేము కలము పట్టలేదు. కాని యీ యుపదేశములన్నిటియందును ఒక మాట లోపించుచున్నదని మాకు తోచినది. ఇంటిలో నొకరు మంచి యాహారమునకు అలవాటు పడుచుండగా, ఆ యలవాటునకు వెల యెవరు చెల్లించుచున్నారు? ఇది వైద్యుడు అడుగు ప్రశ్న కాదు. ధర్మమును విచారించువాడు అడుగవలసిన ప్రశ్న. అడుగకపోవుటచేత మా యింట జరిగినదానినే ముందుగా చెప్పెదము. పరుల పళ్లెమును దిద్దబూనినవాడు తన పళ్లెమును ముందు చూచుకొనుట న్యాయము గదా.

కొన్నేండ్ల క్రిందట మా రక్తములో చక్కెర హెచ్చినదని వైద్యుడు హెచ్చరించెను. మేము భయపడితిమి; భయము మమ్ము బుద్ధిమంతులను చేసెను. తెల్లయన్నము మానితిమి. కొఱ్ఱలు, సామలు, జొన్నలు తెప్పించితిమి. పగలు కొఱ్ఱన్నము, రాత్రి జొన్నరొట్టె, రెంటికిని పప్పును ఆకుకూరయు తోడుగా నుండవలెనని నియమము చేసికొంటిమి. ఆఱు నెలలు తప్పక నడిపితిమి. చక్కెర తగ్గినది, నడుము తగ్గినది, కనబడినవారెల్ల మా నిగ్రహమును కొనియాడిరి. మేమును లోలోపల మమ్ము మేమే కొనియాడుకొంటిమని దాచనేల?

ఆ యాఱు నెలలలో మా వంటయింట నేమి జరుగుచుండెనో మేము చూడలేదు. కొఱ్ఱన్నము తినమని పిల్లలు మొఱాయించిరి. మా తల్లిగారికి పండ్లు లేవు గావున రొట్టె నమలలేరు. వారికి మెత్తని జావయో, పప్పన్నమో కావలెను. ఒక పొయ్యిమీద మూడు వంటలు సాగుచుండెను. మా గృహిణి మొదట మాకును, పిదప పిల్లలకును, ఆ వెనుక అత్తగారికిని వడ్డించి, గిన్నెలు సర్ది, తాను కూర్చుండునప్పటికి పగలు రెండున్నర దాటెడిది. అప్పటికి మాకై వండిన ఆకుకూర గిన్నెలో అడుగంటిన నీరు మాత్రమే మిగిలియుండెడిది. పిల్లలు విడిచిన తెల్లయన్నము, ఊరగాయబద్ద, చల్ల, ఇది యామె భోజనము. ఆకలి చచ్చినదని నడుమ నడుమ టీ త్రాగుచుండెను. ఒకనాడు మేడమెట్లెక్కుచు ఆయాసముతో కూలబడెను. రక్తపరీక్ష చేయింపగా హీమోగ్లోబిను 8 గ్రాములని తేలినది. స్త్రీలకది 12 గ్రాములకు తగ్గరాదు. పరీక్షించిన వైద్యురాలు కాగితమును మా చేతికిచ్చి, “మీ యింట ఆకుకూరలు వండుకొనరా?” అని యడిగెను. ప్రతిదినమును వండుదుమని మేము చెప్పితిమి. అది నిజమే. “ఎవరు తిందురు?” అని యామె మరల నడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు.

ఒకే కప్పు క్రింద, ఒకే పొయ్యిమీద, ఒకరి రక్తము బాగుపడుచుండగా మఱియొకరి రక్తము పలుచనగుచుండెను. మేము దొంగిలించితిమని యెవ్వరు ననలేదు. అయినను ఆ గిన్నెలోని ఆకుకూర ఏమైనదో మా దేహమే సాక్ష్యము చెప్పుచుండెను.

అన్నము అంతస్తును బట్టి పంచబడుననియు, ఆ పంపకమే రోగారోగ్యములను నిర్ణయించుననియు చూపు కథ యొకటి ఆహారశాస్త్రపు పుట్టుకలోనే కలదు. జావాద్వీపమున బటేవియా నగరములో, నేటి జకార్తాలో, 1890 ప్రాంతమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి రోగమును పరిశోధించుచుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, బలముడిగి, తుదకు గుండె నిలిచి మనుష్యులు చనిపోవు రోగమది. దానికి సూక్ష్మజీవియే కారణమని ఆ కాలపు వైద్యులు తలచుచుండిరి. ఇట్లుండగా ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు హఠాత్తుగా కాళ్లు పడిపోయినవి. కొన్ని నెలలకు హఠాత్తుగానే అవి కోలుకొన్నవి. విచారింపగా తేలిన సంగతి యిది: కోళ్లను చూచు పనివాడు సైనికవైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని వరియన్నమును తెచ్చి వానికి పెట్టుచుండెను. ఇంతలో ఆ వంటవాడు మాఱెను. సైనికుల యన్నము సైన్యమునకు చెందని కోళ్లకు పెట్టుట తగదని క్రొత్తవాడు నిరాకరించెను. కోళ్లకు మరల మోటు ధాన్యమే గతియైనది. ఆ మోటు ధాన్యముతోనే వాని కాళ్లు నిలిచినవి.

వంటవాని యంతస్తుల పట్టింపు కోళ్లను బ్రదికించినది. ఇది నవ్వదగిన కథ; కాని మనుష్యుల యిండ్లలో ఆ పట్టింపు అంత శుభముగా ముగియదు. పిదప జావాలోని చెరసాలలను పరిశీలింపగా, తెల్లబియ్యము పెట్టుచోట బెరిబెరి హెచ్చుగాను, తవుడు పోని బియ్యము పెట్టుచోట మిక్కిలి తక్కువగాను కనబడినది. బియ్యపు పైపొరలోను మొలకలోను ఉండు బి-1 అను విటమిను మరపట్టుటలో పోవుటయే రోగకారణమని క్రమముగా తేలినది. ఐక్మనునకు 1929లో నోబెలు బహుమానము వచ్చినది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుపడిన సీమలు. 1835 నాటికే మాల్కంసన్ అను వైద్యుడు ఈ రోగమును గూర్చి చెన్నపట్టణమున గ్రంథము ప్రకటించెను. అరవదేశమువారు ఉప్పుడు బియ్యము తినువారు. వడ్లను నానబెట్టి ఉడికించుటచే పైపొరలోని సారము గింజలోనికి దిగి, మరపట్టినను కొంత నిలుచును. సర్కారులవారు పచ్చిబియ్యమునకు అలవాటుపడినవారు; అది యెంత తెల్లనైన అంత గొప్ప. ఆ తెల్లదనమునకు వారి కాళ్లు వెల చెల్లించినవి. ఈ రోగమును విచారించుటకే 1918లో కూనూరున ఒక్క గదిలో మెకారిసన్ అను వైద్యుని చేత పరిశోధన ఆరంభమైనది. ఆ గదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

దంపుడు బియ్యమే తినవలెనని 1934లో గాంధీగారు అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించిన దినములనుండియు మనము వినుచున్నాము. ఆ హితవు సత్యమే. కాని మేము బాల్యమున మా మాతామహి చేతులను చూచితిమి. వేకువనే లేచి రోట ఒడ్లు పోసి దంచి దంచి ఆ యఱచేతులు చెప్పుతోలువలె మొద్దుబాఱియుండెను. ఊరిలో బియ్యపుమర పెట్టిన దినమున ఆమె మర యజమానికి దండము పెట్టినదని మా తల్లిగారు చెప్పుదురు. మరను తిట్టినవారిలో రోకలి పట్టినవారు తక్కువ. దంపుడు బియ్యపు గుణములను వర్ణించిన వ్యాసములు మేము పెక్కు చదివితిమి. దంచిన చేతులను గూర్చి వానిలో నొక్క వాక్యమైనను కనబడుట యరుదు. మా కొఱ్ఱల విషయమునను అట్లే జరిగినది. ఱాళ్లేరినది, కడిగినది, నానబెట్టినది ఎవరు? ఆరోగ్యము మాది, చాకిరి మఱియొకరిది. ఇప్పుడు మరయందే తవుడు పూర్తిగా పోకుండ పట్టిన సింగిల్ పాలిష్ బియ్యము అంగళ్లలో దొరకుచున్నది. ఉప్పుడు బియ్యమును దొరకుచున్నది. కావున మంచి బియ్యమునకై యెవరి చేతులును కాయలు కాయనక్కఱలేదు.

ఇట్లు మేము మాటాడునప్పుడు ఒక పెద్దమనిషి, “అయ్యా, అందఱికిని పెట్టి తాను కడపట తినుట మన గృహిణుల ధర్మము, అదియే వారి గొప్పతనము, దానిని చెఱుపకుడు” అని మందలించెను. ధర్మమన్నారు గావున ధర్మశాస్త్రమునే చూతము. స్మృతి చెప్పినది గావున చేయవలెననుట మా మతము కాదు. కాని స్మృతిని అడ్డుపెట్టుకొనువారు దానిని పూర్తిగా చదువుట మంచిది. మనుస్మృతి మూడవ యధ్యాయమున గృహస్థుని భోజనక్రమము కలదు. క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకు, కన్నెపిల్లలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటెను ముందుగా, సందేహింపక అన్నము పెట్టవలెనని అందున్నది. అతిథులు, బంధువులు, సేవకులు భుజించిన పిదప మిగిలినదానిని భుజింపవలసినవారెవరు? గృహిణి యొక్కతెయే కాదు, దంపతులని యున్నది. అనగా యజమానుడును కడపటి విస్తరివాడే! అదే గ్రంథమున నాల్గవ యధ్యాయమున భార్యతో గూడి భుజింపరాదనియు నున్నది. మన పెద్దలు ఈ రెండవదానిని చక్కగా జ్ఞాపకముంచుకొనిరి, మొదటిదానిని మఱచిరి. ఏ యింటిలోనైన గర్భిణియైన కోడలికి అతిథికంటె ముందు విస్తరి వేయుట మీరు చూచితిరా?

ఇక త్యాగము మాట. త్యాగము గొప్పదే. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు ఏ వేళ వచ్చినవారికైనను లేదనక అన్నము పెట్టి 1909లో పరమపదించిరి. ఆమె పేరు తలచినప్పుడు నేటికిని ఆ సీమవారు చేతులు జోడింతురు. ఆమె తానై కోరి పెట్టినది. కోరి పెట్టినది గావుననే అది దానమైనది. కోరికతో నిమిత్తము లేక, పుట్టుకనుబట్టి, ప్రతిదినమును, ఒక్కరియొద్దనే వసూలు చేయబడుదానిని దానమనుట భాషకే ద్రోహము. దానిని పన్ను అనవలెను. ఇంటనున్న తక్కినవారెవ్వరును ఒక్కపూటయైనను చెల్లింపని పన్ను అది. మెచ్చుకోలుమాటలతో వసూలగుటచేత ఇచ్చువారికిని అది పన్నని తెలియదు.

మా తల్లిగారు ఈ సంభాషణమును వినుచు, “మేమును అట్లే తింటిమి, మాకేమైనదిరా?” అనిరి. మేము బదులు చెప్పలేదు. కొంతసేపటికి వారే మరల మొదలుపెట్టిరి. కాపురమునకు వచ్చిన క్రొత్తలో పదునెనిమిదిమందికి వండిన దినములలో, అన్నము చాలనప్పుడు పెరటి అరుగుమీద కూర్చుండి గంజిలో ఉప్పు వేసికొని త్రాగుచుండిరట. ఒకనాడు అత్తగారు చూచి, ఏమియు ననక, తన కొంగున దాచిన బెల్లపుముక్కను చేతిలో పెట్టి వెళ్లిపోయెనట. “ఆవిడకును తెలిసియుండును కాబోలు” అని మా తల్లిగారు నవ్విరి. వారి జీవితములో ఇన్నియేండ్లు ఈ కథ చెప్పలేదు. చెప్పునప్పుడును వారి కంఠములో నిష్ఠురము లేదు. నిష్ఠురము లేకపోవుటయే మమ్ము ఎక్కువ బాధించినది.

ఇది మా యొక్క యింటి కథయైనచో పత్రిక కెక్కింపవలసిన పని లేకపోయెడిది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆ వయస్సు పురుషులలో నూటికి 25 మందికే. ఆంధ్రప్రదేశమున స్త్రీల సంఖ్య 58.8, తెలంగాణమున 57.6. ఈ వ్యత్యాసమంతయు కడపటి విస్తరివలననే కలిగినదనుట సత్యము కాదు. నెలనెలా పోవు రక్తము, కాన్పులు, నులిపురుగులు ఇవి యన్నియు కారణములే. కాని యీ కారణములచేతనే స్త్రీకి ఇనుము హెచ్చుగా కావలసియుండగా, ఆ యినుమున్న పదార్థము ఆమె పళ్లెమునకే తక్కువగా చేరుట ఏ తర్కమునకు నిలుచును? అవసరము హెచ్చు ఉన్నవారికి భాగము తక్కువ యను గణితము మన వంటయిండ్లలో తప్ప మఱెక్కడను చెల్లదు.

రక్తహీనతను గూర్చి చెప్పునప్పుడు ఒక తెలుగువానిని స్మరింపక పోరాదు. 1928 మొదలు లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయిలో బట్టలమిల్లుల పేద గర్భిణులకు వచ్చు రక్తహీనతను పరిశోధించి, ఈస్టుసారముతో అది కుదురుటను కనిపెట్టెను. అందున్న పదార్థమేదో అప్పటికి తెలియదు. అదియే పిదప ఫోలిక్ ఆమ్లమని తేలినది. తోటకూర, పాలకూర వంటి ఆకులలో నది సమృద్ధిగా నుండును. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిన అమెరికాలోని పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బొంబాయి కార్మికస్త్రీల పలుచనైన రక్తమునుండి బయలుదేఱిన ప్రశ్నకు తెలుగుబిడ్డ సమాధానము పూర్తిచేసెను. ఆయన పేరు చెప్పి గర్వించు మనము, మన పెరటి తోటకూర ఇంట నెవరి నోటికి పోవుచున్నదో చూచుకొనవలదా?

మా యింట తరువాత జరిగినది కొంచెము చెప్పి ముగించెదము. 8 గ్రాముల రక్తము ఆకుకూరలతో మాత్రమే కోలుకొనదని వైద్యురాలు స్పష్టముగా చెప్పి ఇనుపమాత్రలు వ్రాసియిచ్చెను. వానిని నెలల తరబడి వాడవలసివచ్చినది. టీ భోజనముతోడను, భోజనమైన వెంటనేయు త్రాగినచో ఆహారములోని ఇనుము వంటబట్టదనియు, నిమ్మపులుసో, జామపండో, ఉసిరికాయో తోడైనచో బాగుగా పట్టుననియు ఆమెయే చెప్పెను. ఇది చిన్న సంగతియైనను మాకు క్రొత్త. ఇప్పుడు టీ భోజనమునకు గంటన్నర యెడముగా పోయినది. పప్పులో నిమ్మరసము చేరినది.

కష్టమైనది ఇది కాదు. మూడు వంటలను ఒక్కటి చేయుటయే కష్టము. మా కొఱ్ఱన్నము మాకొక్కరికే యను పట్టు మేమే ముందు విడిచితిమి. సింగిల్ పాలిష్ బియ్యపు అన్నము అందఱికిని, మా భాగము మాత్రము చిన్నది. వారమునకు రెండు దినములు అందఱికిని జొన్నరొట్టె, మా తల్లిగారికి అదే పిండితో జావ. పిల్లలు మొదటి పక్షము దినములు అలిగిరి. అలుక ఆకలియంత బలమైనది కాదని త్వరలోనే తేలినది. ఆకుకూర గిన్నెను ముందుగానే అయిదు భాగములు చేయుదుము. భాగము వేయక యెవ్వరును మొదటి ముద్ద యెత్తరాదు. అందఱమును ఒక్కమాఱే కూర్చుందుము. కావలసినవారు లేచి వడ్డించుకొందురు. మేము యాబది యేండ్లు దాటిన పిమ్మట నేర్చిన విద్య ఇది: గరిటె పట్టుట. మొదటి వారము చారు బల్లమీద ఒలికినంత, విస్తళ్లలో పడలేదు.

మా గృహిణికి దీనిలో తొందరగా సంతోషము కలిగినదని వ్రాసినచో అబద్ధమగును. అందఱితో కూర్చుండి తినుట ఆమెకు మొదట తప్పు చేసినట్లుండెను. మాటిమాటికి లేచుచుండెను, నీళ్లు మఱచితిననియు, ఉప్పు తెత్తుననియు. అన్నము తినుచున్న ఆడుదానికి అందఱియెదుట కూర్చుండుటయే యొక సిగ్గు. ఆ సిగ్గును ఆమె పుట్టుకతో తెచ్చుకొనలేదు, మనమందఱము కలిసి నేర్పినాము. నేర్పినదానిని విడిపించుటకు అంతకంటె నెమ్మది కావలెను. నీవు కూర్చుండవలెను అని శాసించుటయు మరల నొక యజమానత్వమే యని మాకు తెలియుటకు కొన్ని తగవులు పట్టినవి. మేము చేయదగినది ఒక్కటే: ఆమె లేవవలసిన పని రాకుండ ముందుగానే నీళ్లును ఉప్పును మేము తెచ్చిపెట్టుట.

ఏడాదికి పరీక్ష చేయింపగా 11.4 గ్రాములని వచ్చినది. వైద్యురాలు ఇంకను చాలదనెను.

మొన్న పొన్నగంటికూర వండిన దినమున, భాగములన్నియు వేసిన పిదప గిన్నెలో గరిటెడు కూర మిగిలినది. మా గృహిణి దానిని తీసి, అలవాటుచొప్పున మా పళ్లెమువైపు చేయి చాచెను. గరిటె సగము త్రోవలో ఆగినది. ఆమె యొకమాఱు అత్తగారివైపు చూచెను. మా తల్లిగారు తల వంచుకొని జావ త్రాగుచుండిరి. గరిటె మరలి ఆమె పళ్లెముననే ఒఱిగినది.